ఉల్లి గోదాములో ఎడమ అడుగులు

మా కర్నూల్లో మే నెలలో మనిషి ఒళ్లు వంచి పని చేసుకోగలిగేది పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకానే. ఆ తర్వాత వచ్చేదాన్ని ఎండ అనడం నాకిష్టం లేదు, శిక్ష అంటాను. అందుకే నా వేసవి డ్యాన్సు క్లాసులు ఆ రెండున్నర గంటల్లోనే ముగుస్తాయి. కల్లూరు వైపు ఒక ఉల్లిగడ్డల గోదాము ఉంది. సరుకు వెళ్లిపోయి ఖాళీగా ఉండే నెలల్లో దాని యజమాని, ఊరంతా భాయ్ అని పిలిచే పెద్దమనిషి, తాళంచెవి నా చేతికిస్తాడు. ఫినాయిలు వేసి మూడుసార్లు కడిగినా ఉల్లివాసన పోదు. నీ క్లాసు పిల్లలు ఏ స్కూల్లో ఆడినా వాళ్లకంటే ముందు ఆ వాసనే స్టేజి ఎక్కుతుందని మా ఆయన వేళాకోళం చేస్తుంటాడు. కింద మాత్రం నల్లటి కడప బండలు. నేను పుట్టింది కడపలో కాబట్టి ఆ బండలంటే కాస్త పక్షపాతం. పొద్దున పూట వాటి మీద ఉత్తకాళ్లతో నిలబడితే ఒళ్లంతా చల్లబడుతుంది.

ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో నన్ను డ్యాన్సు మేడం అంటారు. స్కూలు వార్షికోత్సవాలకు పిల్లలతో పాటలు ఆడించడం నా వృత్తి. ఆ పేరు ఎట్లా వచ్చిందో చెబితే నవ్వుతారు. నేను ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. కడపలో మా వీధిలో ఒకే ఒక్క ఇంట్లో టీవీ ఉండేది. దాంట్లో డ్యాన్సు వస్తే వాళ్ల గడపలో నిలబడి, తెర మీద ఆడే ఆమె ఎట్లా కదిలితే అట్లా కదిలేదాన్ని. పెళ్లయి కర్నూలుకొచ్చాక సీడీలు, ఆ తర్వాత సెల్‌ఫోను. ఎవరి ముందూ చేతులు కట్టుకోకుండా నా అంతట నేను నేర్చుకున్నానని లోపల చాలా గర్వంగా ఉండేది. గురువు పేరు అడిగిన హెడ్‌మాస్టర్లకు, కడపలో ఒక పెద్దావిడ ఉండేదని, పోయిందని చెప్పేదాన్ని. లేని మనిషిని పుట్టించి చంపేశాను, పాపం.

నేర్పడం కూడా నా సొంత పద్ధతే. పిల్లల్ని వెనక వరసల్లో నిలబెట్టి, వాళ్లకు వీపు చూపిస్తూ ముందు నేను ఆడతాను, నన్ను చూసి వాళ్లు ఆడాలి. కుడి, ఎడమ అని ఎప్పుడూ అనను. ఇటు, అటు, అంతే. వెనక ఎవరైనా గుసగుసలాడితే ఆడుతూనే అరుస్తాను. నా వీపుకు కళ్లున్నాయని బెదిరిస్తాను. చిన్నపిల్లలు నిజంగానే నమ్మేవాళ్లు. నాకు కోపం తొందరగా వస్తుంది, అది దాచుకునే అలవాటు కూడా లేదు.

రెండేళ్ల కిందటి వేసవిలో ఒక తల్లి, క్లాసు చివర చెప్పులు వేసుకుంటూ, వేరేచోట వారానికొక రకం డ్యాన్సు నేర్పుతున్నారంట మేడం, బయటినుంచి టీచర్లొస్తున్నారంట అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికెళ్లి గిన్నెలు గట్టిగా పెట్టుకుంటూ సగం రోజు గడిపాను. సాయంత్రానికి కోపం దిగాక, ఆమె మాటలో తప్పేముందనిపించింది. నాకు దొరకని టీచర్లు నా పిల్లలకెందుకు దొరక్కూడదు? వాళ్లనూ వీళ్లనూ అడిగి మరుసటి వేసవికి నలుగురిని పిలిపించాను, తలా ఒక వారం. మా ఆయన మాత్రం, "ఉన్నదాంతో బాగానే పోతాండావు గదా, నలుగుర్ని పిల్చి నీ పని వాళ్లకు చూపించడమెందుకు?" అన్నాడు. అందులో ఎంత దూరదృష్టి ఉందో అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

మొదటి వారం హైదరాబాదు నుంచి వెస్టర్న్ డ్యాన్సు నేర్పే అతను వచ్చాడు. బండల మీద పిల్లిమొగ్గ వేయబోయి భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఈ నేల మీద ఇవన్నీ కుదరవు మేడం, నిలబడే ఆడదాం అన్నాడు. మంచివాడు, పిల్లల్ని బాగా నవ్వించాడు. మూడో రోజు నీళ్లు తాగుతూ, "మీ బ్యాచ్‌లో ఎక్కువమంది ఎడమచేతి వాటమా మేడం?" అని అడిగాడు. నేను పట్టించుకోలేదు. మా తుంగభద్ర నీళ్లు అట్లాంటివిలే నాయనా అని నవ్వేశాను. రెండో వారం తండా నుంచి ఒక లంబాడీ ఆమె వచ్చింది. ఆమె మాటలతో నేర్పేది కాదు. పిల్లల్ని చేతులు పట్టుకుని గుండ్రంగా లాక్కుపోయేది, వంగితే వంగాలి, లేస్తే లేవాలి. ఆ వారమంతా గోదాము తిరునాళ్లలా ఉంది.

మూడో వారం కడప పక్క పల్లె నుంచి చెక్కభజన గురువు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, పంచె ఎగ్గట్టి, తలకు తుండు చుట్టుకుని, సంచీలో గలగలలాడే చెక్కలతో దిగాడు. రావడంతోటే బకెట్టుతో నీళ్లు తెచ్చి బండల మీద చల్లాడు. చెక్కభజనలో గురువు ముందు నిలబడడు. పిల్లలు వలయంగా నిలబడితే, ఆయన లోపల తాళాలు వాయిస్తూ వెనక్కి వెనక్కి నడుస్తాడు. పిల్లలు రెండు చేతుల్లోనూ చెక్కలు కొట్టుకుంటూ అడుగు వేస్తూ తిరగాలి. మొదటి రోజే వలయం చిందరవందర అయింది. కొందరు కుడికాలు ముందుకు వేస్తుంటే కొందరు ఎడమకాలు వేస్తున్నారు. ఒకరి మడమ ఒకరు తొక్కుతున్నారు. నేను గట్టిగా కేకలేశాను. ఆయన తాళాలు ఆపి కాసేపు పిల్లల కాళ్లనే చూశాడు.

"ఇదేందమ్మా కత?" అన్నాడు నా వైపు తిరిగి. "ఈ యేడు కొత్తగా చేరిన పిల్లోళ్లు సరిగ్గానే ఏస్తాండారు. నీ దగ్గర ఏండ్లతరబడి నేర్చుకున్నోళ్లే ఎడమకాలు ఏస్తాండారు. శానా బాగా ఏస్తాండారు, ఒక్కరు గూడా తప్పకుండా, అందరూ ఎడమే."

ఆయన ఎత్తిపొడవలేదు, వింతగా ఉందని అన్నాడంతే. వెంటనే పిల్లల్ని మళ్లీ కదిలించాడు. నాకు మాత్రం ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం అన్నాలు తినేసి, మా ఆయన కూలరు ముందు పేపరు చదువుకుంటుంటే, ఒకసారి లేచి నాకెదురుగా నిలబడమన్నాను. టీవీలో ఆమె నిలబడినట్టు నిలబడు, ఒక చెయ్యి ఎత్తు అన్నాను. ఆయన పేపరు పట్టుకున్న కుడిచెయ్యి ఎత్తాడు. నేను ఎప్పటిలా ఆయన్ని చూస్తూ నా చెయ్యి ఎత్తాను.

"నీ కుడిచెయ్యి యాడ పోయిందే?" అన్నాడు.

నా ఎడమచెయ్యి గాల్లో ఉంది. తెరమీద ఆమె కుడిచెయ్యి నాకు ఎడమవైపు కనబడేది. నేను ఎడమచెయ్యి ఎత్తేదాన్ని. ఆమె కుడికాలితో మొదలుపెడితే నేను ఎడమకాలితో మొదలుపెట్టేదాన్ని. పదేళ్ల పిల్లగా ఆ గడపలో నిలబడ్డ రోజు నుంచీ నేను నేర్చుకున్నదంతా తిరగబడి ఉంది. దాన్నే వీపు తిప్పి పిల్లలకు నేర్పాను. ఎదురుగా చూసి నేర్చుకోవడంతో నాకు తిరగబడింది, నా వెనక నిలబడి చూసిన పిల్లలకు ఆ తిరగబడ్డదే ఉన్నదున్నట్టు చేరింది.

బీరువాలోంచి ఫోటోల ఆల్బములు తీశాను. ప్రతి వార్షికోత్సవానికీ నా చివరి పాట అమ్మవారి పాటే. అందులో ఒక పాప అమ్మవారై నడిమధ్య నిలబడి, భయం లేదు నేనున్నానని అరచెయ్యి చూపిస్తూ అభయమిస్తుంది. చుట్టూ మిగతావాళ్లు అదే చెయ్యి ఎత్తుతారు. ఒక్కో ఫోటో తిప్పుతుంటే నా గుండె ఒక్కో మెట్టు దిగింది. ఏ ఏటి అమ్మవారు చూసినా ఎడమచేత్తోనే దీవిస్తోంది. ముందు వరసలో ముఖ్య అతిథులు దండలేసుకుని చప్పట్లు కొడుతున్నారు. ఎడమచేత్తో పసుపుకుంకుమలు కూడా ఇవ్వని ఊరు మాది. ఇన్నేళ్లూ ఎవరికీ ఎట్లా కనబడలేదో ఇప్పటికీ అర్థం కాదు. ఎదురుగా కూర్చుని చూసేవాళ్లకు కుడిఎడమల లెక్క అంత సులభంగా తెలియదేమో. నాకే తెలియలేదు.

కనబడే రోజు మాత్రం దగ్గర్లోనే ఉంది. నాలుగో వారం విజయవాడ వైపు నుంచి కూచిపూడి టీచరు రాబోతోంది. నలభై ఏళ్లుగా నేర్పుతున్న ఆవిడ. పిల్లలు మొదటి అడుగు వేయగానే పట్టేస్తుంది. తల్లిదండ్రుల ముందే అడుగుతుంది, ఎవరమ్మా మీకు నేర్పింది అని. ఆ ఒక్క ప్రశ్నతో నా మేడం అన్న పేరు ఊడిపోతుంది. ఏ స్కూలూ మళ్లీ పిలవదు. నిజం చెబుతున్నాను, ఆవిడకు ఫోను చేసి రావద్దని చెప్పేద్దామని నంబరు కూడా నొక్కాను. ఒక్క రింగు వెళ్లాక పెట్టేశాను.

దానికి బదులు అంతకంటే తెలివితక్కువ పని చేశాను. శని, ఆదివారాల్లో చెక్కభజన తాత వెళ్లిపోయాక పిల్లల్ని ఇంకో గంట ఆపి, ఇది కొత్త పద్ధతి అని చెప్పి అమ్మవారి పాటంతా కుడికి మార్చబోయాను. ముందు నా ఒళ్లే నా మాట వినలేదు. నేను తడబడితే పిల్లలు గందరగోళపడ్డారు. మా అందరిలోకీ బాగా ఆడే పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె ఉంది. ఆమె తల్లి నా మొట్టమొదటి బ్యాచ్‌లో పిల్ల. ఈ అమ్మాయి నాలుగేళ్ల వయసు నుంచీ ఇంట్లో తల్లి దగ్గరా, ఇక్కడ నా దగ్గరా అదే ఎడమ నేర్చుకుంటూ పెరిగింది. ఆ పిల్ల ఆగి, "మేడం, ఇది కరెక్టయితే మరి మాకు ఇన్నాళ్లూ నేర్పింది ఏంది?" అని అడిగింది. ఎదురు చెప్పాలని కాదు, తెలుసుకోవాలని అడిగింది.

"నోరు మూసుకుని చెప్పింది చెయ్యి" అన్నాను.

ఆ పిల్ల నోరు మూసుకుంది. నేను ఎంతమందినో తిట్టాను గానీ, ఆ తిట్టు తిట్టినప్పుడే నాకు నా మీద అసహ్యం వేసింది.

టీచరుగారు ఆదివారం సాయంత్రం రైలు దిగారు. సన్నగా, పొట్టిగా, నేత చీరలో, చేతిలో చిన్న సంచీతో ఉన్నారు. మా ఇంట్లోనే బస. సోమవారం పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెడితే కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా వదలకుండా తిన్నారు. కూచిపూడి అనేసరికి గోదాముకు తల్లిదండ్రులు, అవ్వలు, తాతలు కూడా వచ్చారు. గోడ పక్కన గోనెసంచులు పరుచుకుని కూర్చున్నారు. భాయ్ కూడా కుర్చీ వేసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

"ఏదీ, మీకొచ్చింది ఒకటి ఆడి చూపించండర్రా" అన్నారు టీచరుగారు.

పిల్లలు అమ్మవారి పాటకు నిలబడ్డారు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. రెండు రోజుల నా కొత్త పద్ధతి పుణ్యమా అని సగంమంది కుడికి, సగంమంది ఎడమకు పోయారు. ఇద్దరు నడిమధ్య గుద్దుకున్నారు. ముందున్న ఆ అమ్మాయి మాత్రం ఎటూ చూడకుండా, చిన్నప్పటి నుంచీ ఒంటికి పట్టిన ప్రకారం చక్కగా ఆడింది. ఎంత చక్కగా ఆడిందో చెప్పలేను. చివర కళ్లు పెద్దవి చేసి, మెడ నిటారుగా పెట్టి, ఎడమచెయ్యి ఎత్తి అభయమిచ్చింది.

"ఇదేంది తల్లీ, పాప ఎడమచేత్తో దీవిస్తాండాది?" అంది గోడపక్క కూర్చున్న ఒక అవ్వ, గోదామంతా వినబడేట్టు.

అందరూ ఆ పిల్ల చేతి వైపు చూశారు. పిల్ల చెయ్యి దించకుండా నా వైపు చూసింది. ఇరవై రెండేళ్ల పరువు ఆ చేతి మీద ఆగి ఉంది, నేను చూపు పక్కకు తిప్పుకున్నాను.

టీచరుగారు తొందరపడలేదు. ఆ పిల్ల దగ్గరకెళ్లి, ఎత్తిన చేతిని అట్లాగే పట్టుకుని మోచేయి కొంచెం పైకి సర్దారు. "ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు కదమ్మా" అన్నారు అవ్వతో. "రెండు వైపులా ఆడడం రావాలి. ఏది ఎక్కడ వాడాలో ఈ వారం నేను చెప్తాను." అని చప్పట్లు కొట్టి పిల్లల్ని కూర్చోబెట్టి, చెక్క మీద కర్రతో తాళం వేస్తూ మొదటి పాఠం మొదలుపెట్టేశారు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అట్లా చూడకపోవడం ఎంత పెద్ద ఉపకారమో నాకు తెలుసు. ఈ రోజుకీ ఆ క్షణం గుర్తొస్తే ఆవిడకు మనసులో దండం పెట్టుకుంటాను.

ఇంటికొచ్చాక మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మా ఆయన తన షాపుకు వెళ్లిపోయాడు. టీచరుగారు కూలరు ముందు మంచం మీద కూర్చుని, "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అని అడిగారు.

కడప పెద్దావిడ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పెద్దావిడను మళ్లీ చంపడానికి ఆ రోజు నాకు ఓపిక లేదు. టీవీ, గడప, సీడీలు, అన్నీ చెప్పేశాను. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. నలభై ఎనిమిదేళ్ల మనిషిని, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. నీళ్లు తాగమని చెప్పి, ఆ అమ్మవారి పాట ఒకసారి ఆడి చూపించమన్నారు.

మంచానికీ ఫ్రిజ్జుకీ మధ్య ఉన్న జాగాలో ఆడాను. ఆవిడ చివరిదాకా చూసి లేచారు. చీర కుచ్చెళ్లు కొంచెం పైకి దోపుకుని నాకెదురుగా నిలబడి, అదే చరణం ఆడారు. ఎడమకాలు ముందు. ఎడమచెయ్యి పైకి. వయసు మీదపడిన ఒళ్లే గానీ, ఒక్కో అడుగూ బండ మీద చెక్కినట్టు పడింది.

"మీరూ ఎడమేనా అమ్మగారూ?" అన్నాను, నమ్మలేక.

"నలభై ఏళ్లుగా ఎడమే" అన్నారు. "పిల్లలకు ఎదురుగా నిలబడి నేర్పేదాన్ని కదా. నేను కుడిచెయ్యి ఎత్తితే వాళ్లు నన్ను చూసి ఎడమ ఎత్తుతారు. అందుకని వాళ్లకు కుడి రావాలంటే నేను ఎడమ ఆడాలి. మొదట్లో చచ్చేంత కష్టపడ్డాను దీనికోసం. ఇప్పుడు స్టేజి మీద నన్ను కుడితో ఆడమంటే తడుముకోవాలి." మళ్లీ మంచం మీద కూర్చుని చెమట తుడుచుకున్నారు. "ఏ టీచరుకైనా ఏళ్లు పట్టే పని నీకు పదేళ్ల వయసులోనే పట్టుబడింది. నువ్వు మార్చుకోవలసింది అడుగులు కాదు, నువ్వు నిలబడే వైపు. పిల్లల వైపు తిరుగు, చాలు."

నా ఎడమ ఎదురుగా నిలబడిన పిల్లలకు కుడి అవుతుంది. అంత చిన్న సంగతి.

"మోకాళ్లు సరిగా వంచడం లేదు, మోచేతులు జారిపోతున్నాయి, అవి వేరే సంగతి. అవి ఈ వారంలో తిడుతూ నేర్పుతాను" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "రేపట్నుంచి ఇటు తిరిగి నేర్పు. పది రోజుల్లో పిల్లల కాళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. ఎవరికీ తెలియాల్సిన పని లేదు. ఆపైన నీ ఇష్టం" అన్నారు.

ఎవరికీ తెలియకుండా బయటపడే దారి ఆవిడ నా చేతిలో పెట్టారు. ఆ సాయంత్రమంతా ఆ దారినే పోదామనుకున్నాను. పిండి కలుపుతూ, రొట్టెలు తడుతూ, అమ్మయ్య అనుకున్నాను. ఎవరికీ తెలియకపోతే నా పేరు నాకుంటుంది. కానీ రొట్టె తట్టిన ప్రతిసారీ ఆ అమ్మాయి మొహమే గుర్తొచ్చింది. ఎత్తిన చెయ్యి దించకుండా నా వైపు చూసింది చూడండి, ఆ చూపు. నేను కాపాడతానని చూసింది. సరైన ప్రశ్న అడిగినందుకు ఆ పిల్ల నోరు మూయించాను. ఊరంతటి ముందు నా తప్పు తన తప్పయింది. ఇప్పుడు కిమ్మనకుండా ఇటు తిరిగేస్తే, జన్మంతా ఆ పిల్ల తానే ఏదో తప్పు నేర్చుకున్నాననుకుంటుంది. అది నేను భరించలేను అనిపించింది.

మంగళవారం పొద్దున క్లాసు మొదలవకముందే అందరి ముందూ నిలబడ్డాను. సూటిగా చెప్పేశాను. నాకు గురువు లేదు. టీవీలో చూసి నేర్చుకున్నాను. అద్దంలో చూసినట్టు అంతా తిరగబడి నేర్చుకున్నాను. ఇన్నేళ్లూ మీ పిల్లలకు ఎడమ నేర్పాను. నిన్న పాప చేసింది తప్పు కాదు, నేను నేర్పింది తప్పు.

ఒకాయన లేచి, "అంటే ఇన్నేండ్లూ మీకే రానిది మా పిల్లోళ్లకు నేర్పినారా మేడం?" అన్నాడు.

"ఔనన్నా" అన్నాను.

ఆయన తన ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆయన్ని నేను తప్పు పట్టను. మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే గుమ్మం దగ్గర్నుంచి భాయ్ గొంతు సవరించుకున్నాడు. "ఏమప్పా, ఎందుకట్ల చూస్తాండారు? ఎడమపక్క ఉండే సంచులు కుడిపక్కకు మార్చుకుంటే సరిపోయె. సరుకు మంచిదే గదా. కానీ బేటీ, నువ్వు క్లాసు మొదలుపెట్టు, ఎండ ముదురుతాండాది" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. నిన్నటి అవ్వ కూడా బోసినోటితో నవ్వింది. ఆ మనిషి రుణం నేను తీర్చుకోలేను.

ఆ అమ్మాయి తల్లి మాత్రం నవ్వలేదు. గోనెసంచి మీద కూర్చుని తన ఎడమచెయ్యి కొంచెం ఎత్తి చూసుకుంది, తర్వాత కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది. నా మొదటి బ్యాచ్ పిల్ల. ఆమె ఏమంటుందోనని చూశాను. ఆమె లేచి వచ్చి, కూతురిని మొదటి వరసలోకి నెట్టి, తను రెండో వరసలో కూతురి వెనక నిలబడింది. "నాకు గూడా మళ్లీ నేర్పండి మేడం" అంది.

నేను అమ్మాయి దగ్గరికెళ్లాను. "మొన్న నువ్వు అడిగింది సరైన ప్రశ్నే. జవాబు నాకు తెలుసు, చెప్పే ధైర్యం లేక నిన్ను తిట్టాను. తప్పయింది" అన్నాను. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ తల ఊపింది. క్షమించిందో లేదో తెలియలేదు. ఎవరి మనసైనా ఒక్క మాటతో మారిపోతుందా, వాళ్లకూ టైము పడుతుంది.

టీచరుగారు వెళ్లి చివరి వరసలో, అందరికంటే చిన్నపిల్లల మధ్యన నిలబడ్డారు. "ఊఁ, కానివ్వు" అన్నారు అక్కణ్నుంచి.

పాట పెట్టాను. అలవాటు కొద్దీ అటు తిరగబోయి ఆగి, పిల్లల వైపు తిరిగాను.

ఇరవై రెండేళ్లు నేర్పాను గానీ, నేర్పుతున్నప్పుడు నా పిల్లల మొహాలు నేనెప్పుడూ చూడలేదు. వీపుకు కళ్లున్నాయని వాళ్లను బెదిరించాను గానీ, ఏం చూశాను? ఒకడు నాలుక బయటపెట్టి పెదాలతో అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఒక చిన్నది తన పాదాల్నే నమ్మనట్టు కిందికి చూసుకుంటోంది. ఒకతె భయం భయంగా పక్కపిల్లను చూస్తూ ఆడుతోంది. నేను కోపంగా కనుబొమలు ముడిస్తే, నాకెదురుగా ఉన్నవాళ్లందరి కనుబొమలూ ముడుచుకుంటున్నాయి. అది చూసి సిగ్గేసి నవ్వాను. వాళ్లూ నవ్వారు. ఎడమకాలు వేశాను, ఎదురుగా కుడికాళ్లు పడ్డాయి. పాతపిల్లలు తడబడ్డారు, ఆగారు, నా మొహం చూశారు, మళ్లీ అందుకున్నారు. పిల్ల తెలివి కళ్లలోనే ఉంటుందనుకుంటాను, కళ్లు పట్టుకున్నది కాళ్లు ఒప్పుకున్నాయి. తల్లీకూతుళ్లు ఇద్దరూ ఒకేచోట తప్పి ఒకేసారి సర్దుకున్నారు.

చివరి చరణానికి వచ్చాం. నేను ఎడమచెయ్యి ఎత్తాను. ఎదురుగా ఆ అమ్మాయి ఎడమచెయ్యి సగం లేచి ఆగింది. నా కళ్లలోకి చూసింది. ఆ చెయ్యి దించి కుడిచెయ్యి ఎత్తింది. ఆమె వెనక వాళ్లమ్మ, ఆ వెనక పిల్లలంతా, చిట్టచివర అరవై దాటిన ఆ టీచరుగారూ, అందరూ కుడిచేతులు ఎత్తి అరచేతులు చూపించారు. ఇన్నేళ్లూ ఎదురుగా కూర్చున్న వాళ్లెవరెవరికో అందిన అభయం, ఆ రోజు మొదటిసారి నాకే అందింది.